లేజరు వెలుగు వేరు, లేజరు పరీక్ష వేరు

తెల్లనివన్నీ పాలనీ, నల్లనివన్నీ నీళ్ళనీ నమ్మే అమాయకుల గురించి మన పెద్దలు ఏనాడో సామెత చెప్పి ఉంచారు. ఆ సామెత పుట్టిన నాటికి అచ్చు లేబుళ్ళు లేవు, లేజరు కిరణాలు లేవు. నేడు అవన్నీ వచ్చాయి. అమాయకత్వం మాత్రం ఆనాటిదే మిగిలి ఉన్నది. ఈ మాట అనడానికి ఇటీవల నాకు కలిగిన ఒక అనుభవమే కారణం.

రాజమండ్రిలో మా ఇంటికి రెండిళ్ళ అవతల నివసించే సోదరి ఒకరు గత వేసవిలో ఒక సాయంత్రం చేతిలో తైలపు సీసాతో మా ఇంటికి వచ్చారు. ఆమెకు అరవై ఏళ్ళు దాటాయి. మోకాళ్ళ నొప్పులతో మూడేళ్ళుగా బాధపడుతున్నారు.

"మాస్టారూ, ఇది లేజరులో పరీక్ష చేసిన తైలమటండీ. తమరు కాలేజీలో ఫిజిక్సు చెప్పినవారు గదా, ఒక్కసారి చూసి చెప్పండి" అన్నారు.

అర చేతిలో ఇమిడే ఆ సీసా వెల పద్దెనిమిది వందల రూపాయలు. దానిపై "లేజరు పరీక్షలో నెగ్గినది" అని బంగారు రంగు అక్షరాలు. విషయమంతా అడిగితే ఆమె చెప్పారు. ఒక కల్యాణ మండపంలో సభ జరిగినదట. వేదికపై రెండు సీసాలు ఉంచారట. ఒకదానిలో బజారులో దొరికే నూనె, రెండవదానిలో వారి తైలం. దీపాలు ఆర్పివేసి, చేతిలో ఇమిడే ఆకుపచ్చ లేజరు దీపాన్ని రెంటిపైనా ప్రసరింపజేశారట. మొదటి సీసాలో కిరణం కనబడీ కనబడనట్లుగా పోయినది. రెండవదానిలో వెలుగు దండంలా మెరిసినది. "ఓషధీ శక్తి ఉన్నచోటనే కాంతి నిలుస్తుంది" అని చెప్పారట. ఆ సాయంత్రం చాలా సీసాలు అమ్ముడుపోయాయట.

నేను ముప్పది సంవత్సరాలకు పైగా భౌతికశాస్త్రం బోధించినవాడిని. మా తాతగారు కోనసీమలో పేరున్న వైద్యులు. శాస్త్రాన్ని అడ్డం పెట్టుకొని ఆయుర్వేదాన్ని ఎగతాళి చేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. శాస్త్రం పేరు అతికించి ఆయుర్వేదాన్ని అమ్ముకొనేవారిని చూస్తే అంతకు రెట్టింపు బాధ కలుగుతుంది. అందుచేత, ద్రవాలపై లేజరు నిజంగా ఏమి చేయగలదో, ఏమి చేయలేదో నాకు తెలిసినంతవరకు పాఠకుల ముందుంచడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

సీసాలో మెరిసినదేమిటి?

తలుపు సందులోనుండి గదిలోకి ఎండ పడినపుడు దుమ్ము కణాలు మెరుస్తూ కాంతి బాట కనబడుతుంది. దుమ్ము లేని గాలిలో ఆ బాట దాదాపుగా కనబడదు. ఆ సీసాలో జరిగినదీ ఇదే. బాగా వడబోయని తైలంలో మూలికల పిండి, నలుసులు తేలుతూ ఉంటాయి. అవి కాంతిని నలువైపులా చెదరగొట్టడం వల్ల కిరణం మన కంటికి కనబడుతుంది. ఆకుల పసరు కలిసిన నూనె అయితే ఆకుపచ్చ కాంతిని పీల్చుకొని, అందులోని పత్రహరితం ఎర్రని కాంతిని వెలువరించడం కూడా కద్దు. ఈ మెరుపు చూసి తైలం మంచిదనీ చెప్పలేము, చెడ్డదనీ చెప్పలేము. మడ్డి తేలుతున్న నూనె కూడా ఇంతే ఘనంగా మెరుస్తుంది.

మరొక హెచ్చరిక. ఆ చేతి లేజరు కంటిలో పడితే కంటిలోపలి పొరకు శాశ్వతంగా హాని కలుగవచ్చు. సీసా గాజుపై పడి తిరిగివచ్చిన కిరణం కూడా ప్రమాదకరమే. ఈ "పరీక్ష"ను ఇంటివద్ద ఎవరూ చేయబోవద్దని, ముఖ్యంగా పిల్లల చేతికి అట్టి దీపాలు ఇవ్వవద్దని మనవి.

ఎండమావిలో దాగిన సూత్రం

అయితే లేజరుతో ద్రవాలను పరీక్షించడం అబద్ధమా? ఎంతమాత్రం కాదు. శాస్త్రజ్ఞులు చేసే పరీక్ష వేరు. దానిని ఉష్ణ కటక వర్ణపట విధానం అనవచ్చును. అందులో వారు చూసేది మెరుపును కాదు, వేడిని.

మే నెల మధ్యాహ్నం తారురోడ్డుపై దూరాన నీళ్ళు నిలిచినట్లు కనబడటం మనకందరికీ అనుభవమే. అది ఎండమావి. రోడ్డుకు ఆనుకొని ఉన్న గాలి బాగా వేడెక్కి పలుచబడుతుంది. పలుచని వేడి గాలిలో కాంతి వంగే తీరు మారుతుంది. ఆకాశం నుండి వచ్చే కాంతి వంగి మన కంటికి చేరి, నీళ్ళన్న భ్రమ కలిగిస్తుంది. వేడి కాంతి మార్గాన్ని మార్చగలదన్నదే ఇందులోని సూత్రం.

ఇప్పుడు ఒక గాజు గొట్టంలో ద్రవం పోసి, సన్నని లేజరు కిరణాన్ని దాని గుండా పంపామనుకొందాము. కిరణం నడిమి భాగంలో కాంతి అధికం, అంచులలో స్వల్పం. ద్రవం ఆ కాంతిలో కొంత పీల్చుకొంటే, పీల్చుకొన్న మేరకు వేడెక్కుతుంది. నడుమ ఎక్కువగా, అంచులలో తక్కువగా. ఆ వేడి సాధారణంగా డిగ్రీలో అతి చిన్న భాగమే. అయినప్పటికీ నడిమి ద్రవం వ్యాకోచించి, కాంతిని వంచే గుణం అక్కడ కొంచెం తగ్గుతుంది. దీనితో ఆ ద్రవమే ఒక కళ్ళద్దంలా, అంటే హ్రస్వదృష్టి గలవారు ధరించే పుటాకార కటకంలా మారిపోతుంది. అవతల గోడపై పడిన కాంతి బొట్టు కొద్దిగా విచ్చుకొంటుంది. బొట్టు నడుమ సూదిబెజ్జం వంటి రంధ్రం ఉంచి, దానిలోనుండి వచ్చే కాంతి ఎంత తగ్గినదో కొలిస్తే, ద్రవం ఎంత కాంతిని పీల్చుకొన్నదో తెలిసిపోతుంది.

ఈ విశేషాన్ని మొదట గుర్తించినది అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో. లేజరు పరికరం లోపలనే ద్రవాలను ఉంచినపుడు కిరణం వెంటనే కుదురుకోక, కొన్ని క్షణాలపాటు మారుతూ ఉండటం అక్కడి శాస్త్రజ్ఞులకు వింతగా తోచినది. కారణం వెదకగా, ద్రవంలో పుట్టిన వేడి కటకమే అందుకు మూలమని తేలినది. గోర్డన్, లెయితే, మూర్, పోర్టో, విన్నరీ అనే ఐదుగురు 1965లో దీనిని ప్రకటించారు. వీరిలో లెయితే, పోర్టో బ్రెజిల్ దేశస్థులు. మొదట పరికరంలోని లోపంగా కనబడినదే తరువాత గొప్ప పరీక్షగా మారినది.

బండిని తూచి గురివింద బరువు

సాధారణ ప్రయోగశాలలో ద్రవం రంగును కొలవడానికి, లోనికి వెళ్ళిన కాంతి ఎంత, బయటికి వచ్చిన కాంతి ఎంత అని చూసి, తేడా తీస్తారు. ద్రవంలో రంగు బాగా ఉన్నపుడు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. కాని రంగు ఏమీ లేనట్లుగా కనబడే ద్రవంలో లేశమాత్రంగా ఉన్న పదార్థాన్ని పట్టుకోవాలంటే ఇది చాలదు. గింజతో సహా ఎడ్లబండిని ఒకసారి, గింజ తీసివేసి మరొకసారి తూచి, ఆ తేడాతో గురివింద గింజ బరువు కనుక్కోవాలనుకోవడం వంటిదది.

ఉష్ణ కటక విధానంలో గింజనే త్రాసులో వేసినట్లు అవుతుంది. పీల్చుకోబడిన కాంతి పుట్టించిన వేడినే నేరుగా చూస్తారు గనుక, ఒక సెంటీమీటరు మందం గల ద్రవం తనపై పడిన కాంతిలో పదిలక్షల వంతులలో ఒక వంతు పీల్చుకొన్నా పట్టుబడుతుంది. మన కంటికి ఆ ద్రవం స్ఫటికంలా నిర్మలంగానే కనబడుతుంది.

ద్రవం స్వభావం కూడా ఇందులో బయటపడుతుంది. ఒక డిగ్రీ వేడి పెరిగితే కాంతిని వంచే గుణకం నీటిలో సుమారు 0.0001, ఆల్కహాలులో సుమారు 0.0004 తగ్గుతుంది. పైగా నీరు ఆల్కహాలు కన్న మూడు రెట్లకు పైగా త్వరగా వేడిని పంచివేస్తుంది. అందుచేత ఒకే పదార్థాన్ని ఒకే మోతాదులో కలిపినా, నీటిలో కన్న ఆల్కహాలులో కటకం పది రెట్లకు పైగా బలంగా ఏర్పడుతుంది. కటకం ఎంత వేగంగా ఏర్పడినదో గమనిస్తే, ఆ ద్రవంలో వేడి ఎంత వేగంగా వ్యాపిస్తుందో కూడా లెక్కకట్టవచ్చును.

ఎవరికి పనికివస్తున్నది?

ఇది పుస్తకాలకే పరిమితమైన విద్య కాదు. స్లొవేనియా దేశంలోని నోవా గోరిట్సాలో ఫ్రాంకో అనే ఆచార్యుని బృందం ఈ విధానంతో పురుగుమందుల అవశేషాలను పట్టుకొనే మార్గం రూపొందించినది. కొన్ని పురుగుమందులు మన నరాలకు అవసరమైన ఒక ఎంజైమును స్తంభింపజేస్తాయి. ఆ ఎంజైము పనిచేస్తే ద్రవంలో రంగు పుడుతుంది, స్తంభిస్తే రంగు తగ్గుతుంది. ఆ సూక్ష్మమైన తేడాను ఉష్ణ కటకం కొలుస్తుంది. నీటిలోని క్రోమియం, ఇనుము వంటి లోహాలను కూడా, వాటితో కలిసి రంగునిచ్చే పదార్థాన్ని చేర్చి, ఇదే విధంగా కొలిచారు. క్రొయేషియా, స్లొవేనియా, నెదర్లాండ్స్ పరిశోధకులు కలిసి వంటనూనెల నాణ్యతను త్వరగా తేల్చే పద్ధతిని 2002లో ప్రకటించారు. జపానులో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన కితామోరి బృందం ఈ సూత్రాన్ని సూక్ష్మదర్శినికి జోడించి, అతి చిన్న గాజు పలకపైని కాలువలలో అణువులను దాదాపు ఒక్కొక్కటిగా పసిగట్టే స్థాయికి తీసుకువెళ్ళినది.

మన దేశంలోనూ ఈ పని జరుగుతున్నది. కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలోను, కాన్పూరు ఐ.ఐ.టి.లోను ద్రవాలపై ఉష్ణ కటక పరిశోధనలు చేసినవారున్నారు. అంటే విద్య మన వాకిటనే ఉన్నది. దానికీ మన ఔషధశాలలకూ మధ్య వంతెన మాత్రం సరిగా పడలేదని నా అభిప్రాయం.

దీనికీ హద్దులున్నాయి

ఏ పనిముట్టునైనా దాని హద్దులతో సహా తెలుసుకోవడమే వివేకం. ఉష్ణ కటకం "ఇంత కాంతి పీల్చుకోబడినది" అని చెబుతుంది. పీల్చుకొన్నది ఎవరో దానంతట అది చెప్పదు. పసుపు పీల్చుకొన్నదా, కలిపిన రంగు పీల్చుకొన్నదా అన్నది తేలాలంటే, ముందుగా ద్రవంలోని పదార్థాలను వేరు వేరు చేసే మరొక యంత్రాన్ని జోడించాలి. చిక్కని కషాయాలను నేరుగా పరీక్షించరాదు. ఎంతో పలుచన చేయాలి, నలుసులు లేకుండా వడబోయాలి.

తేనె సంగతి చూడండి. తేనెలో చక్కెర పాకం కలిపారా అన్న ప్రశ్నకు ఈ విధానం తగిన సాధనం కాదు, ఎందుకంటే చక్కెరకు రంగు లేదు. దానికి కర్బన ఐసోటోపుల పరీక్ష, అయస్కాంత అనునాద పరీక్ష వంటివి కావాలి. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ తేనె నమూనాలను పరీక్షింపజేసినపుడు, మామూలు పరీక్షలలో నెగ్గిన కొన్ని ప్రసిద్ధమైన తేనెలు అయస్కాంత అనునాద పరీక్షలో నెగ్గలేకపోయాయి. నీటిలో వేస్తే అడుగుకు దిగినదా, కాగితంపై ఇంకినదా అని మనం ఇంట్లో చేసే పరీక్షలు తేనె చిక్కదనాన్ని మాత్రమే చెబుతాయి. చిక్కగా కాచిన పంచదార పాకం కూడా వాటిలో నెగ్గుతుంది.

అన్నిటికన్న ముఖ్యమైన హద్దు మరొకటి ఉన్నది. ద్రవంలో ఏమున్నదో యంత్రం చెప్పగలదు. అది మోకాలి నొప్పిని తగ్గిస్తుందో లేదో ఏ లేజరూ చెప్పలేదు. అది రోగులపై క్రమపద్ధతిలో ప్రయోగించి తెలుసుకోవలసిన విషయం. స్వచ్ఛత వేరు, గుణం వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూపించడంలోనే మోసమంతా ఉన్నది.

తాతగారి వత్తి

మా తాతగారు తైలం కాచేటప్పుడు నేను ప్రక్కన కూర్చొని చూసేవాడిని. పాకం దగ్గరపడగానే కల్కాన్ని కొద్దిగా తీసి, వ్రేళ్ళ మధ్య నలిపేవారు. అది వత్తిలా సాగితే, ఆ వత్తిని నిప్పుపై ఉంచేవారు. చిటపటలాడితే "ఇంకా నీరున్నదిరా" అని మంట కొనసాగించేవారు. చప్పుడు లేకుండా కాలితే గిన్నె దింపేవారు. తైలమైతే నురుగు పొంగడం, నెయ్యి అయితే నురుగు అణగడం పాకం పూర్తయినదనడానికి గుర్తులని శాస్త్రం చెబుతున్నది.

మన పూర్వులకు లేజరు తెలుసునని నేను చెప్పబోవడం లేదు. అటువంటి మాటలు వారికి గౌరవం తేవు. కాని ఒక సామ్యం గమనింపదగినది. తాతగారు కూడా తైలానికి వేడి తగిలించి, అది ఏమని జవాబు చెబుతుందో విన్నారు. ఆయన పరీక్షలో ఒక స్పష్టమైన ప్రశ్న ఉన్నది, నీరు మిగిలినదా, లేదా? దానికి ఒక స్పష్టమైన జవాబున్నది. ఉష్ణ కటకంలోనూ అంతే. కల్యాణ మండపంలోని ఆకుపచ్చ వెలుగులో మాత్రం ప్రశ్న లేదు, జవాబూ లేదు. ఉన్నది చప్పట్లు మాత్రమే. ఆ విధంగా చూస్తే, నిప్పుపై వత్తిని ఉంచిన పల్లెటూరి వైద్యుడే ఆ వేదికపై నిలిచినవారికన్న శాస్త్రానికి దగ్గరివాడు.

అట్లని తాతగారి వత్తి అన్నిటికీ చాలునని కూడా అనలేము. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఆర్జిమోన్ అనే ముళ్ళమొక్క గింజల నూనె కలవడం వల్ల జలోదర వ్యాధి వంటి వాపులు ప్రబలి, అరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది చూడటానికి ఆవనూనెగానే ఉన్నది. గృహిణులు దానితో తాలింపు వేసి కుటుంబానికి వడ్డించారు. కంటికీ, ముక్కుకూ, నాలుకకూ అందని కల్తీ ఉన్న కాలంలో మనం జీవిస్తున్నాము. ఈ కాలంలో యంత్రాన్ని కాదనడం ఎంత తప్పో, యంత్రం పేరు వినగానే చేతులు జోడించడం అంత తప్పు.

మనం అడుగవలసిన మూడు ప్రశ్నలు

ఏ తైలానికైనా, ఆసవానికైనా, తేనెకైనా "పరీక్షింపబడినది" అన్న మాట కనబడితే మూడు ప్రశ్నలు వేయండి. దేనిని కొలిచారు? ఎంత వచ్చినది? దానిని దేనితో పోల్చారు? నిజంగా పరీక్ష చేయించినవారు ఈ మూడింటికీ కాగితంపై జవాబు చూపగలరు. చూపలేనివారి వద్ద ఎంత పెద్ద యంత్రం బొమ్మ ఉన్నా విలువ లేదు.

ఔషధమైతే సీసాపై తయారీ అనుమతి సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ ఉన్నాయేమో చూడండి. ఆయుర్వేద ఫార్మకోపియా తైలాలకు ఆమ్ల విలువ, అయోడిన్ విలువ, కాంతిని వంచే గుణకం వంటి ప్రమాణాలను నిర్దేశించినది. వీటిని కొలవడానికి పెద్ద లేజరు అవసరం లేదు. ముందు ఈ చిన్న పరీక్షలు ప్రతి బ్యాచికీ నిజాయితీగా జరిగితే చాలా మేలు. ఆహార పదార్థమైతే, 2006 నాటి ఆహార భద్రతా చట్టంలోని 40వ సెక్షను ప్రకారం కొనుగోలుదారు తానే నిర్ణీత రుసుము చెల్లించి, ఆహార విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనే హక్కు కలిగి ఉన్నాడు. ఈ హక్కు సంగతి ఇంటింటికీ తెలియవలసి ఉన్నది.

ఇక పెద్దలకు ఒక సూచన. ఆయుర్వేద కళాశాలల ఔషధ పరీక్షాశాలలు తమకు సమీపంలోని విశ్వవిద్యాలయాల భౌతిక, రసాయన శాస్త్ర శాఖలతో చేతులు కలపాలి. ప్రతి ఔషధశాలకూ లేజరు అక్కరలేదు. ప్రాంతానికి ఒక నమ్మకమైన ప్రయోగశాల ఉండి, తన ఫలితాలను దాచకుండా ప్రకటిస్తే చాలును. ఆయుర్వేదంపై నమ్మకం నిలబడేది ప్రకటనలతో కాదు, చూపగలిగిన అంకెలతో.

మా సోదరి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మూడు ప్రశ్నలూ ఒక చీటీపై వ్రాసి ఇచ్చాను. ఆమె సీసాపై ఉన్న నంబరుకు ఫోను చేసి చదివి వినిపించారట. "అవి కంపెనీ రహస్యాలండీ" అన్నది జవాబు. ఆ వారమే ఆమె ఎముకల వైద్యుని వద్దకు వెళ్ళారు. కీళ్ళ అరుగుదల అని చెప్పి, ఆయన వ్యాయామం నేర్పించి, బరువు తగ్గమని సలహా ఇచ్చారు. నువ్వులనూనె గోరువెచ్చగా చేసి మర్దనా చేసుకోవచ్చునా అని ఆమె అడిగితే, హాయిగా చేసుకోవచ్చునన్నారు. మొన్న దారిలో కనబడినపుడు, "నొప్పి పూర్తిగా పోలేదు గాని మాస్టారూ, గుడి మెట్లు ఎక్కగలుగుతున్నానండీ" అన్నారు. ఆ పద్దెనిమిది వందల సీసా మాత్రం వారి అలమరలో నేటికీ ఉన్నది. ఇంటికి ఎవరు ఏ కొత్త మందు పట్టుకొని వచ్చినా, ఆమె ముందుగా ఆ సీసా చూపించి, ఆ తరువాత చీటీ తీసి చదువుతున్నారట.